గోడ మీది గోడు, పెద్దల నోటి మాట



ఇంగ్లండులో ఆష్‌వెల్ అనే ఊళ్లో 14వ శతాబ్దపు చర్చి ఉంది. 1350 నాటి మహమ్మారి నుంచి బతికి బయటపడ్డవారి గోడు, 1361 నాటి పెనుగాలి సంగతి దాని గోపురం లోపలి గోడపై లాటిన్‌లో గీకి ఉన్నాయి. ఆ గోడను చూపించి పిల్లలకు ఊరి చరిత్ర చెప్పవచ్చు.

మన కేస్లాపూర్ నాగోబా చరిత్ర మాత్రం గోడల మీద లేదు. మెస్రం పెద్దల నోట, ప్రధాన్ల కిక్రి పాటలో, గంగాజలం కోసం హస్తినమడుగుకు కాలినడకన సాగే దారిలో ఉంది. గోడ నిలుస్తుంది, గొంతు నిలవదు. అందుకే ఈ పుష్యమాసం జాతరలో మన తమ్ముళ్లను, చెల్లెళ్లను పెద్దల పక్కన కూర్చోబెడదాం. వాళ్లను అడగనిద్దాం. విన్నది మనం రాసిపెడదాం.