గుండ్రటి ఇంట్లో సుఖం
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైర్మెంటు దగ్గరపడిన మన మిత్రులు కొందరు ఊళ్లో గుండ్రటి ఇల్లు కట్టుకోవాలని ముచ్చటపడి నా సలహా అడుగుతున్నారు. నేను చెప్పేది ఒక్కటే: పాతవాళ్ల ఆకారాన్ని తీసుకుంటే చాలదు, వాళ్ల అమరికనూ తీసుకోవాలి.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు చూడండి. మందపాటి మట్టిగోడ పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. తాటాకు చూరు మనిషి వంగి వెళ్లేంత కిందికి దిగి, గోడను ఎండావానల నుంచి కాస్తుంది. మూలలు లేని గోడ, ఏటవాలు కప్పు తుపాను గాలిని పక్కలకు మళ్లిస్తాయి. పైగా లెక్కల మాస్టారు చెప్పిన సూత్రం ఉండనే ఉంది: 40 అడుగుల గోడతో చదరంగా కడితే 100 చదరపు అడుగులు వస్తాయి, గుండ్రంగా కడితే సుమారు 127.

గుజరాత్‌లోని కచ్‌లో ఇలాంటి ఇళ్లను భుంగాలు అంటారు. 2001 జనవరి 26 భూకంపానికి చాలా భుంగాలు తట్టుకుని నిలిచాయి. వాటి లోపల అరలు, గాదెలు మట్టితోనే చేసి గోడ వెంట అమరుస్తారు. మధ్య స్థలం మనుషులకు మిగులుతుంది. గోడల నగిషీలో పొదిగిన అద్దపు ముక్కలు కొద్దిపాటి వెలుతురునే చుట్టూ పంచుతాయి.

మనం అదే ఆకారాన్ని కాంక్రీటులో కట్టి, తిన్నటి బీరువాలు, మంచాలు తెచ్చి పెడతాం. 10 అడుగుల వ్యాసం ఉన్న గదిలో 6 అడుగుల వెడల్పు మంచాన్ని గోడకు జరిపితే, తలవైపు మధ్యలో అడుగు ఖాళీ మిగులుతుంది. 20 అడుగుల గదిలో అది సుమారు 5.5 అంగుళాలే. నున్నటి గుండ్రటి గోడలు మాటను మధ్యకు తిప్పికొట్టి గది మోగేలా చేస్తాయి. వినికిడి తగ్గే వయసులో అది చిన్న ఇబ్బంది కాదు. ఇక పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి వేడి కక్కుతుంది.

అందుకే ముందు మంచం, బీరువా ఎక్కడో తేల్చుకుని తరువాత వ్యాసం నిర్ణయించండి. అరలు గోడలోనే కట్టించండి. చుట్టూ వెడల్పు చూరు, కప్పు కొనన వేడిగాలి పోయే దారి పెట్టించండి. చాపలు, బట్ట తెరలు మోతను తగ్గిస్తాయి. వంటగది, స్నానాల గది పక్కన నలుచదరంగా ఉంటేనే వాడకానికి హాయి.

మీ దగ్గర్లో చుట్టిల్లు ఇంకా మిగిలి ఉంటే, ప్లాను గీయించే ముందు ఓ వేసవి మధ్యాహ్నం వెళ్లి అందులో కూర్చోండి. కట్టిన పెద్దవాళ్లు ఉంటే అడిగి తెలుసుకోండి. వాళ్ల తరువాత చెప్పేవాళ్లు ఉండరు.