కాలా మోతియా ఆపరేషన్ తర్వాత కంటికి స్కానింగ్ ఎందుకు?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగులో నీటికాసులు అంటారు. మన ఇళ్ళలో కాలా మోతియా అంటారు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. జబ్బు ఒక్కటే. కంటిలో ఊరే నీరు సరిగా బయటికి పోక, సాధారణంగా ఒత్తిడి పెరిగి, చూపు నరము దెబ్బ తింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి. మందులకు లొంగనప్పుడు ఆపరేషన్ చేస్తారు. 1968లో కెయిర్న్స్ అనే డాక్టరు వివరించిన ట్రాబెక్యులెక్టమీ నేటికీ చేస్తున్నారు. తెల్లగుడ్డులో చిన్న దారి చేసి, నీరు పైరెప్ప కిందికి మెల్లగా ఇంకేటట్లు చేస్తారు.

ఆపరేషన్ అయింది గదా, ఇక భయం లేదు అనుకుంటారు మనవాళ్ళు. అసలు జాగ్రత్త అక్కడే మొదలు. ఆ దారి మూసుకుపోతే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. నీరు మరీ ఎక్కువగా పోతే కన్ను మెత్తబడుతుంది. మామూలుగా 10 నుండి 21 వరకు ఉండవలసిన ఒత్తిడి 5 కంటే తక్కువకు పడిపోవచ్చును. అప్పుడు తెల్లగుడ్డుకు, లోపలి రక్తనాళాల పొరకు మధ్య నీరు చేరి ఆ పొర లోపలికి ఉబ్బుతుంది. కొద్దిమందిలో నాళము చిట్లి రక్తమే చేరుతుంది.

మరి నీరా, రక్తమా అని తెలిసేదెట్లా? కంటి ముందు భాగము మసకబారినా, రక్తము అడ్డుపడినా డాక్టరు లైటుకు వెనుక భాగము కనిపించదు. అక్కడ శబ్దము పనికి వస్తుంది. మేము బడిలో ప్రతిధ్వని పాఠము చెప్పేటప్పుడు బావిలోకి కేక వేసిన సంగతి అడుగుతాము. కేక గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఇదీ అంతే. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. కంటి స్కానింగ్‌లో, అనగా బి-స్కాన్‌లో, సుమారు 1 కోటి కంపనాలుంటాయి. మూసిన రెప్ప మీద జెల్లీ రాసి, చిన్న సాధనము మెత్తగా ఆనిస్తారు. తిరిగి వచ్చిన శబ్దము తెర మీద బొమ్మ అవుతుంది. ఇది ఎక్స్‌రే కాదు, కిరణాల భయము లేదు.

బొమ్మలో నీరు నల్లగాను, గడ్డకట్టిన రక్తము తెల్లటి ముద్దగాను కనబడుతుంది. నీరైతే చాలాసార్లు చుక్కల మందుతో, ఒత్తిడి కోలుకోగానే తగ్గిపోతుంది. రక్తము ఎక్కువగా ఉండి తీయవలసి వస్తే, గడ్డ కరిగేదాకా తరచు 1, 2 వారాలు ఆగుతారు. కరిగిందా లేదా అనేది మళ్ళీ స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. రెండోసారి రమ్మన్నారంటే డబ్బు కోసమని అనుకోవద్దు.

యు.బి.ఎం. అనే మరొక స్కాన్ 1990 ప్రాంతంలో టొరొంటోలో పావ్లిన్, ఫాస్టర్ మొదలైనవారు తయారు చేశారు. దానిలో సుమారు 5 కోట్ల కంపనాలు. కంటి ముందు వైపు 5 మిల్లీమీటర్ల లోతు వరకే చూస్తుంది, కాని చాలా సూక్ష్మంగా చూస్తుంది. కొత్త దారి తెరిచి ఉందా, నీరు దారి తప్పి వెనక్కి పోయి కటకాన్ని ముందుకు నెడుతోందా అన్నది దీనిలో తెలుస్తుంది. అయితే స్కాన్ ఒత్తిడిని కొలవదు. డాక్టరు పరీక్ష వేరే ఉండవలసిందే.

పెద్దలారా, యంత్రము ఎంత మంచిదైనా మనిషి వెళితేనే గదా! నొప్పి వస్తే ఓర్చుకుందాం, జుమ్మా అయ్యాక చూద్దాం అంటారు. ఆడవాళ్ళు తోడు వచ్చేవారు లేరని ఆగిపోతారు. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు, చూపు తగ్గడం, ఎర్రదనంతో పుసి, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే వెళ్ళాలి. ఆపరేషన్ జరిగి ఏళ్ళయినా ఇదే మాట.

డాక్టరు వంగవద్దన్న రోజులలో సజ్దా చేయలేకపోతిమే అని బాధపడవద్దు. కూర్చొని సైగతో నమాజు చేసే సౌలభ్యము రోగికి ధర్మమే ఇచ్చింది. రంజానులో చుక్కల మందు సొంతంగా మానవద్దు. డాక్టరును, ఆలిమును అడగండి.

మన సొసైటీ ఆపరేషన్ ఖర్చుకు సాయపడుతున్నప్పుడు, తర్వాతి పరీక్షలకు బస్సు ఛార్జీ, ఒక తోడు మనిషి కూడా ఏర్పాటు చేయాలని మా మనవి. దారి ఖర్చు లేక ఒక కన్ను పోకూడదు.

ఖుదా హాఫిజ్.