ఎదగాలి, సరే. దేనికి?

(జేకేపూర్ యువజన కూడికలో చేసిన ప్రసంగం)



ఎదుగుదల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు జీతం, ప్రమోషన్, సొంత ఇల్లు గుర్తొస్తాయి. తప్పేమీ లేదు. 1962లో ఇక్కడ కాగితం మిల్లు వచ్చింది కాబట్టే మనలో చాలా కుటుంబాలు ఈ నాగావళి ఒడ్డుకు చేరాయి. మిల్లులో పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, గుజ్జు సరిగా లేకుండా యంత్రం వేగం పెంచితే కాగితం తెగిపోతుంది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక ప్రశ్న అడిగారు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని. మనం పునాది గురించి, కట్టడం గురించి చాలా ప్రసంగాలు విన్నాం. ముందు కూర్చోవడం గురించి తక్కువ విన్నాం.

ఈ మాటకు ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. రాయగడకూ కలహండికీ మధ్య నియమగిరి. దాని అడుగున లాంజిగఢ్‌లో వేదాంత సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టి, 2007లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పైనున్న కొండలో బాక్సైట్ తవ్వడానికి అప్పటికి తుది అనుమతి రాలేదు. అయినా కర్మాగారాన్ని ఆరింతలు చేయాలని ప్రణాళిక వేసుకున్నారు. 2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ తవ్వకానికి అటవీ అనుమతి నిరాకరించింది. 2012 డిసెంబరులో ఖనిజం చాలక కర్మాగారం కొన్ని నెలలు మూతపడింది. గోపురం లేచింది, లెక్క మాత్రం ఎవరూ కూర్చుని చూడలేదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఈ విషయం గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వర్షాకాలంలో 12 పల్లెల్లో, మన జిల్లావి 7, కలహండివి 5, జిల్లా జడ్జీల సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులకు వాగు నీళ్లు, పసుపు, అనాస తోటలు, తమ నియమరాజు కొండ ఎంత అవసరమో ఎవరో వచ్చి నేర్పలేదు. ఏది అమ్మకూడదో ముందే తెలిసినవాళ్లు గనుక, ఎంత ఇస్తారన్న బేరం దగ్గరికే వెళ్లలేదు.

నియమరాజును పూజించడం మన విశ్వాసం కాదు. అందుకని వాళ్ల దగ్గర నేర్చుకునేదేమీ లేదనుకుంటే అది మన గర్వం. ప్రభువు ధర్మశాస్త్రోపదేశకుడికి పాఠం చెప్పడానికి సమరయుణ్ణే చూపించారు కదా!

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ కర్మాగారం తర్వాత వేరే చోట్ల నుంచి బాక్సైట్ తెచ్చుకుని నడిచింది, పెరిగింది కూడా. స్పష్టత లేనివాళ్లు ఎదగరని నేను చెబితే అబద్ధమే అవుతుంది. ఎదుగుతారు. ఆ తొందరకు ఖర్చు ఎవరు మోశారన్నదే నా ప్రశ్న. దానికోసం ఇళ్లు వదిలి పునరావాస కాలనీకి వెళ్లిన కినారి ఊరివాళ్లు మోశారు. కాశీపూర్ వైపు చూడండి, మరో అల్యూమినా పథకాన్ని ఎదిరించిన మైకంచలో 2000 డిసెంబర్ 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు.

ఇవాళ సిజిమాలి కొండ గురించి అదే వాదన నడుస్తోంది. రేపు మీలో ఒకరికి అక్కడ ఉద్యోగం రావచ్చు. ఇంట్లో తమ్ముడి ఫీజు, అమ్మ మందులు ఉంటాయి. వద్దనేసి వచ్చేయమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ సంతకం పెట్టాల్సిన కాగితం ఏమిటో, అది ఎవరి పొలం గురించో చదవకుండా పెట్టకండి. ఇంత జీతానికైనా నేను చేయని పని ఏదని మొదటి రోజుకు ముందే ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి. ఉద్యోగంలో చేరి, వాయిదాలు మొదలయ్యాక ఆ మాట నోరు దాటదు. అప్పు చేసి కోర్సులో చేరడానికీ ఇదే వర్తిస్తుంది. పక్కింటబ్బాయి చేరాడన్నది కారణం కాదు.

ఇప్పుడు నలుగురైదుగురు చొప్పున కూర్చుందాం. అరగంట సమయం ఉంది. వచ్చే సంవత్సరం మీరు పెంచుకోవాలనుకుంటున్నది ఒకటి, దాని ఖర్చు మీరు కాక ఇంకెవరు మోయాల్సి వస్తుందో వాళ్ల పేరు ఒకటి, కాగితం మీద రాయండి. పేరు దొరక్కపోతే పక్కనున్న అక్కనో అన్ననో అడగండి.