డిక్కీలో తుపాకీ

అమెరికాలో సొంత తుపాకీతో రాష్ట్రాలు దాటేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయలుదేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ వెంట ఉంచుకోవడం చట్టసమ్మతమై ఉండాలి. తూటాలు తీసేసి, రెండింటినీ డిక్కీలో పెట్టాలి. వేరే డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి.

అసలు చిక్కు మజిలీతోనే. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయనకు న్యూజెర్సీలోని నెవార్క్‌లో విమానం తప్పింది. తుపాకీ ఉన్న పెట్టె తీసుకుని హోటల్లో పడుకున్నాడు. మర్నాడు విమానాశ్రయంలో తుపాకీ ఉందని తానే చెప్పాడు. నిజం చెప్పినందుకు అరెస్టు! రాత్రంతా పెట్టె చేతికందేలా ఉంది కాబట్టి ఆ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది.

హెచ్-1బి వీసా మీదున్న మనవాళ్ల సంగతి వేరు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం.