నోటికి ఎన్ని వచ్చు?



సుగాలి పిల్లల్ని ముందు ఒకటి అడుగుతా. తీజ్ బుట్టల కాడ మీ అవ్వ పాడే పాటలు మీకు ఎన్ని వచ్చు? ఫోన్లో ఉన్నాయనొద్దు. నోటికి ఎన్ని వచ్చు? ఎరుకల, యానాది పిల్లలకూ ఇదే ప్రశ్న.

ఐర్లండ్ అని ఒక చిన్న దేశం. ఇంగ్లీషోళ్ల పాలన, 1845 నుంచి ఘోరమైన కరువు, లక్షల మంది అమెరికాకు వలస. పాట కూడా వాళ్లతోనే ఓడెక్కింది. షికాగో పోలీసు పెద్దగా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ అనే ఐర్లండ్ ఆయన, తోటి వలసజీవుల దగ్గర విని రాయించి, 1903లో 1,850 వరసలతో పుస్తకం వేసినాడు. (నేరస్త జాతుల చట్టం కింద ఎరుకలోళ్ల పేర్లు రాసుకున్న పోలీసులే మనకు తెలుసు. పాటలు రాసుకున్న పోలీసు మనకు కొత్తే!)

అయితే పుస్తకం ఒక్కటే చాల్లేదు. మోచేత్తో తిత్తి ఆడిస్తూ వాయించే ఇల్లిన్ పైప్స్ వాళ్ల వాయిద్యం. 1968 నాటికి అది వాయించేవాళ్లు వంద మంది కూడా లేరంటారు. ఆ ఏడు వాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. పిల్లలకు వాయించడం నేర్పినారు. వాయిద్యం చేయడం, దాని పీకలు చెక్కడం కూడా నేర్పినారు. అది చేసేవాడు లేకపోతే వాయించేవాడు ఏం చేస్తాడు? యునెస్కో గుర్తింపు 2017లో వచ్చింది. నేర్పడం మొదలైన 49 ఏళ్లకు!

మనకాడ వరస తిరగబడింది. డోలీ వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. 2024 జూన్‌లో ఆయన పోయినారు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో ఇచ్చినారు, ఆయనా 2024లోనే పోయినారు. అవార్డు వద్దని కాదు. ముసలితనంలో శాలువా కప్పేటప్పుడు పక్కన నేర్చుకునే పిల్లోడు ఉన్నాడా అని ఎవరూ చూడరు, అదే నా బాధ.

రికార్డు చేయండి, కాదనను. అడిగి చేయండి. పాడినామె పేరు, తండా పేరు రాయండి. గోర్ బోలీ మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి అవ్వ ఎదురుగా కూర్చోండి. ఈ ఆదివారం ఒక్క పాట చాలు. తప్పు పాడితే తిడుతుంది. తిట్టనీండి, మళ్లీ పాడండి.