దేవుని తోట - ఇరై నది
(తెలుగు క్రైస్తవ కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగము)



ఆదికాండము రెండవ అధ్యాయము ప్రకారము దేవుడు నరుని తోటలో నుంచినది దానిని సాగుచేసి కాపాడుటకే గాని కొల్లగొట్టుటకు గాదు. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము మరింత స్పష్టము: పట్టణమును ముట్టడించిన సైన్యము సైతము ఫలవృక్షములను నరుకరాదు. యుద్ధమునందే లేని అనుమతి వ్యాపారమునం దెట్లు కలుగును? ఈ మాట వర్తకుడనైన నాకే ముందుగా తగులును.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన లెక్కలో మన చంద్రపురము దేశమున నాల్గవ మిక్కిలి కలుషిత పారిశ్రామిక ప్రాంతముగా నిలిచెను. మనలో పెక్కు కుటుంబములకు కూడు పెట్టినవి ఆ బొగ్గుగనులే, ఆ కాగితపు మిల్లే. వానిని దూషించుట నా యుద్దేశము కాదు. అయినను ఇరై నది గట్టున గుట్టలుగా పడిన గనిమట్టిని చూచియు మౌనముగా నుండుట భక్తి యనిపించుకొనదు. ఆ నీరు వార్ధాలో గలిసి, పిదప ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిం జేరును. ఇచ్చట మనము పారవేయునది అచ్చట మన బంధువుల రేవునకే పోవుచున్నది.

రాష్ట్రమున ప్లాస్టిక్ సంచులు 2018లోనే నిషేధింపబడెను. మన క్రిస్మసు విందునకు మోదుగాకు విస్తళ్లు చాలవా? రానున్న ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే గంపలు, పారలతో జర్పట్ నది గట్టునకు రండు. చెత్త నెత్తుటకు గోనెసంచులు నా దుకాణమునుండి తెత్తును.