పెట్టెలోని పెద్దలూ, చిన్నలూ

రేడియో ఉన్న ఇంటిలో పుట్టిన ప్రతి పిల్లవానికీ ఒక కోరిక ఉంటుంది. ఆ పెట్టె వెనుక అట్ట ఊడదీసి, లోపల ఎవరున్నారో చూడవలెనని. విజయవాడ వన్ టౌనులో, ఇంద్రకీలాద్రి వాలుమీద మెట్లెక్కి చేరవలసిన ఒక ఇంటిలో నేనూ ఆ పని చేశాను. నాన్నగారి వాల్వుల రేడియో వెనుక మనుషులెవ్వరూ కనబడలేదు. ఎర్రగా వెలుగుతున్న గాజుబుడ్లు కనబడినవి. అవి కనబడిన మరుక్షణమే వీపుమీద నాన్నగారి చెయ్యి పడినది. ఆ దెబ్బ మరచిపోయాను గాని ఆ కుతూహలం మాత్రం నన్ను విడువలేదు. ఆ తరువాత రేడియో స్థానంలోకి కంప్యూటరు వచ్చినది. పెట్టె మారినది గాని, అట్ట ఊడదీసే చెయ్యి మారలేదు. పాతికేండ్లకు పైగా కంప్యూటరు భాగాలను కొనీ, కూర్చీ, చెడగొట్టీ, బాగుచేసీ నేను నేర్చుకొన్న నాలుగు మాటలను శ్రోతలకు మనవి చేయదలచాను.

కంప్యూటరును తయారైన సరకుగా కొనవచ్చును. విడిభాగాలు తెచ్చి ఇంటిలోనే కూర్చుకొననూ వచ్చును. ఈ రెండవ సౌకర్యం మనకు ఎట్లా కలిగినదో కొంచెం చెప్పవలసి ఉన్నది. 1981 ఆగస్టు 12వ తేదీన అమెరికాలో ఐబీఎం సంస్థ తన చిన్న కంప్యూటరును విడుదల చేసినది. త్వరగా పూర్తి చేయవలెననే తొందరలో, చాలా భాగాలను బయటి సంస్థలవద్ద కొని కూర్చినది. లోపలి విద్యుద్వలయాల పటాలను కూడా పుస్తకరూపంలో ప్రకటించినది. అదనపు కార్డులు గుచ్చుకొనడానికి ఐదు స్లాట్లు ఉంచినది. దానితో ఆ స్లాట్లలో ఇమిడే కార్డులను ఇతరులు చేయసాగారు. కొంతకాలానికి ఆ కంప్యూటరునే చేయసాగారు. తరువాత 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొలతలను ప్రకటించినది. ఆ కొలతలు పాటించి ఒక దేశంలో చేసిన మదర్‌బోర్డు, వేరొక దేశంలో చేసిన పెట్టెలో స్క్రూ తప్పకుండా అమరుతుంది. నావంటి సామాన్యుడు స్క్రూడ్రైవరు ఒక్కటి చేతబట్టి కంప్యూటరు కూర్చగలుగుతున్నాడంటే అది ఈ రెండు నిర్ణయాల చలువే.

1998లో నేను పినాకిని ఎక్స్‌ప్రెస్సులో చెన్నై వెళ్ళి, రిచీ వీధిలో దుకాణం దుకాణం తిరిగి నా మొదటి కంప్యూటరు భాగాలను కొన్నాను. 32 మెగాబైట్ల ర్యాము, 4.3 గిగాబైట్ల హార్డ్ డిస్కు. నేటి చేతిఫోనుముందు అవి ఏ లెక్కలోకీ రావు. ఆనాడు మాత్రం వాటిని తువ్వాలులో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్లు ఒడిలో పెట్టుకొని తెచ్చాను. ఆ రాత్రే కూర్చి స్విచ్చి వేశాను. తెర వెలిగినది. ఆనందంతో పెట్టెమీద చెయ్యి వేశాను. అది నా వ్రేళ్ళను చిమచిమలాడించినది.

కారణం తరువాత తెలిసినది. కంప్యూటరుకు కరెంటు అందించే సరఫరా పెట్టెలో, అనగా ఎస్‌ఎంపీఎస్‌లో, విద్యుత్తులోని చెత్తను వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటవి. అవి ఆ చెత్తను ఎర్తు తీగద్వారా భూమిలోకి పంపుతవి. ఎర్తు తీగ లేకపోతే అది పోవడానికి దారి ఉండదు. అప్పుడు మన 230 వోల్టులలో ఇంచుమించు సగం పెట్టె రేకుమీదనే నిలుస్తుంది. ఆ కరెంటు స్వల్పమైనదే, కాని దారి మూసుకొనిపోయినదని చెప్పే హెచ్చరిక అది. వేరొక లోపం వచ్చి పూర్తి కరెంటు రేకుకు తగిలిననాడు దానిని భూమికి చేర్చేందుకు మన శరీరం తప్ప మరేమీ ఉండదు. మా పాత ఇంటిలో గోడకు రెండు తీగలే ఉన్నవి. ప్లగ్గులోని లావుపాటి మూడవ పిన్ను అలంకారంగా మాత్రమే ఉన్నది. కొండరాతిలో గొయ్యి పడదు. అందుచేత మెట్ల దిగువన మట్టి ఉన్నచోట గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా పోసి, గొట్టం పాతి, అక్కడినుండి ఇంటిదాకా తీగ లాగించాను. ఇరుగుపొరుగువారు నవ్వారు. నాటినుండి నేటివరకు ఆ ఇంటిలో ఏ యంత్రమూ ఎవరినీ కరవలేదు.

ఇది నా మొదటి పాఠం. పెట్టెలో పెద్దలు కొందరున్నారు. వేగానికి పేరుపడిన ప్రాసెసరు, బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు, అద్దపు తలుపు, రంగురంగుల దీపాలు. కొనేవాడు వీరినే అడుగుతాడు, అమ్మేవాడు వీరినే చూపుతాడు. పెట్టె బ్రతికేది మాత్రం చిన్నలవల్ల.

రెండవ పాఠం వేసవి నేర్పినది. మన బెజవాడ ఎండ సంగతి శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. కొన్ని ఏండ్లు 45 డిగ్రీలు దాటుతుంది. ఆపైన కొండరాయి పగలు త్రాగిన వేడిని రాత్రి కక్కుతుంది. మదర్‌బోర్డుమీద చిన్న డబ్బాలవలె నిలబడి ఉండే కెపాసిటర్లకు వేడి ప్రాణాంతకం. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం ఇంచుమించు సగమౌతుందని ఇంజనీర్ల లెక్క. ఈ శతాబ్దపు మొదటి ఏండ్లలో ప్రపంచమంతటా నాసిరకపు కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, లెక్కలేనన్ని మదర్‌బోర్డులు పాడైనవి. నా బోర్డు కూడా అందులో ఒకటి. అప్పటినుండి నేను సరఫరా పెట్టెను ఉచితంగా వచ్చినదని ఎన్నడూ పుచ్చుకొనలేదు.

వేడికి తోడు దుమ్ము. వస్త్రలతలో బట్టల వ్యాపారం చేసే మిత్రుడొకరు ఒక మే నెలలో కబురంపారు. "రోజూ మూడింటికి కంప్యూటరు దానంతట అదే ఆగిపోతున్నదండీ. వైరస్ పట్టినది కాబోలు" అన్నారు. మూత తీసి చూచాను. ప్రాసెసరుపైనున్న ఫ్యానుక్రింద, గాలి ఆడవలసిన రేకుల సందులలో, నూలుపీచు పేరుకొని కంబళి ముక్కవలె అయినది. గాలి సోకని ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనడానికి మధ్యాహ్నపు ఎండవేళ ఆగిపోతున్నది. పీచు తీసివేశాను. ప్రాసెసరుకూ రేకులకూ నడుమ రాచే థర్మల్ పేస్టు కూడా ఎండి పెచ్చులుగా లేచినది. ఈ పేస్టు చేసే పని ఒక్కటే. రెండు లోహాలు ఎంత నునుపైనవైనా వాటినడుమ కంటికి కనబడని గుంటలలో గాలి నిలుస్తుంది. గాలి వేడిని సరిగా అందించదు. ఆ గుంటలను పేస్టు నింపుతుంది. బఠాణీగింజంత క్రొత్త పేస్టు పెట్టి బిగించాను. ఆ వేసవి అంతా యంత్రం ఆగలేదు. పచారీ కొట్లలో మిరపపొడి, పసుపు ఇదే పని చేస్తవి. కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుప్రక్కల నేను మూత తీసిన పెట్టెలలో సగం తుమ్ములతోనే తెరిచాను.

ఇక మూడవ పాఠం. దీనిని చెప్పుకొనడానికి నాకు కొంత సిగ్గుగా ఉన్నది. అయినా చెప్పవలె.

సింగ్‌నగర్‌లో నాకు తమ్మునివంటి మిత్రుడు ఒకడున్నాడు. పెండ్లి శుభలేఖలు, కరపత్రాలు కంప్యూటరులో కూర్చి అచ్చుకు ఇస్తాడు. 2019లో అతని కంప్యూటరును క్రొత్తగా కూర్చిపెట్టాను. పాత హార్డ్ డిస్కులోని సరకంతా పెద్ద డిస్కులోకి ఎక్కించాను. అప్పుడతడు, "అన్నయ్యా, ఇంకొక డిస్కు కూడా కొని, వారానికొకసారి నకలు తీసి పెట్టుకొంటే మంచిది కదా?" అని అడిగాడు. చేతిలోనున్న సొమ్ము ఒక్కదానికే చాలుతుంది. "క్రొత్త డిస్కుకు ఏమౌతుందిరా?" అని, ఆ సొమ్ముతో అద్దపు తలుపున్న పెట్టె, రంగుదీపాల ఫ్యాన్లు కొనిపించాను. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. వారికంటె ఎక్కువగా నన్ను నేనే మెచ్చుకొన్నాను.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచివేసినది. మరునాటికి ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పారినది. అతని కుటుంబం మేడమీద తలదాచుకొన్నది. కంప్యూటరు క్రింది గదిలో రోజుల తరబడి బురదనీటిలో ఉన్నది. నీరు తీసిన తరువాత, పెట్టెను ఆటోలో పెట్టుకొని వన్ టౌనుకు వచ్చాడు. అద్దపు తలుపులోనుండి బురద కనబడుతున్నది.

అదృష్టవశాత్తు అతడు స్విచ్చి వేయలేదు. తడిసిన యంత్రానికి నీటికంటె, ఆ తడిమీద పారే కరెంటే ఎక్కువ చేటు. భాగాలన్నీ విడదీసి, మంచినీటితోను, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను కడిగి, నీడలో ఫ్యానుక్రింద రోజుల తరబడి ఆరబెట్టాము. ర్యాము కార్డుల అంచులను పెన్సిలు రబ్బరుతో తుడిచాను. ప్రాసెసరు బ్రతికినది. ర్యాము బ్రతికినది. మదర్‌బోర్డు, దానిమీద గుండీవలె ఉండే బ్యాటరీ నీటిలో కూడా కరెంటు ఇస్తూ ఉండడంవల్ల, పచ్చగా చిలుముపట్టి పోయినది. రంగుదీపాల ఫ్యాన్లు మాత్రం దివ్యంగా వెలిగినవి. వాటివంక చూడడానికి నాకు ముఖం చెల్లలేదు.

హార్డ్ డిస్కు పోయినది. డిస్కు మూతమీద గాలి ఆడడానికి సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. లోపల నిమిషానికి 7,200 సార్లు తిరిగే పలకలపైన, తలవెంట్రుక మందంలో వేయవ వంతుకన్న తక్కువ ఎత్తున, చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. ఆ రంధ్రంగుండా బురదనీరు లోనికి చేరినది. ఇటువంటి డిస్కులను చూచేవారికి పంపితే, ఆశ లేదని చెప్పారు. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నయ్యా, శుభలేఖలు మళ్ళీ కూర్చుకొంటాను. అమ్మ పాటలు అందులోనే ఉన్నవి" అన్నాడు.

వాళ్ళ అమ్మగారు 2021లో పోయారు. ఆమె మంగళహారతులు చక్కగా పాడేవారు. 2017లో నేనే ఒక మైకు ఎంచి ఇస్తే, దానితో రికార్డు చేసుకొన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి, మా ఆవిడ పాతసామాను అని పిలిచే బీరువాను తెరిచాను. ఏ మరనూ పారవేయలేని నా దుర్గుణానికి ఆమె పాతికేండ్లుగా నన్ను దెప్పుతూనే ఉన్నది. ఆ కుప్ప అడుగున, వార్తాపత్రికలో చుట్టి, 2019లో అతని కంప్యూటరునుండి తీసిన పాత డిస్కు ఉన్నది. తీగ తగిలించాను. రెండుసార్లు టకటకలాడి తిరిగినది. హారతిపాటలన్నీ అందులో ఉన్నవి. అతనికి ఫోనుచేసి, ఏమీ మాట్లాడకుండా, పాట వినిపించాను.

అయితే 2020లో ఆమె మనుమరాలికి చెప్పిన కథలు ఆ డిస్కులో లేవు. అవి మరెక్కడా లేవు. వాటి వెల నేను కొనిపించిన అద్దపు తలుపు వెల.

కనుక శ్రోతలకు నా మనవి. కంప్యూటరు కొనే ముందు గోడలో మూడవ తీగ ఉన్నదో లేదో చూడండి. సరఫరా పెట్టెవద్ద పిసినారితనం వద్దు. వేసవి రాకముందే ఒకసారి మూత తీసి దుమ్ము దులపండి. మీకు విలువైనదేదైనా రెండు చోట్ల ఉంచండి. అందులో ఒకటి వేరే ఇంటిలో, వీలైతే మేడమీద ఉంచండి. ఇవన్నీ చేసిన తరువాత సొమ్ము మిగిలితే, రంగుదీపాలు తప్పకుండా కొనుక్కోండి. అవి నాకూ ఇష్టమే.

సెలవు.